అక్షింతలు

కొత్త మెషిన్‌లో ఆట తెరవగానే అక్షరాలన్నీ ఒక్కసారిగా తెర అడుగున కుప్పపడ్డాయి. పళ్లెం కదిలేలోపే ఆట అయిపోయింది. డాక్టర్ ఇందుకళ కుర్చీ ముందుకు లాక్కుని మళ్లీ తెరిచింది. మళ్లీ అంతే. ఒక్కో అక్షరానికి ఒక్కో ‘టిక్’ రావలసిన చోట కీచురాయి అరిచినట్టు ఒకే మోత వచ్చి ఆగింది.

“ఫైలు పాడైపోయిందాండీ?” అంది.

“ఫైలు శుభ్రంగా ఉంది డాక్టరమ్మా. మీ మెషినే మరీ పరుగెడుతోంది.”

ఆ ఆట, విండోస్ ఇంకా రాని డాస్ కాలంలో మా ఆవిడ కస్తూరి రాసింది. పైనుంచి తెలుగు అక్షరాలు రాలుతుంటాయి. కింద పళ్లెం అటూ ఇటూ జరుపుతూ కావలసిన అక్షరాన్ని పట్టుకోవాలి. కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌కి తెలుగు టైపు నేర్చుకోవడానికి వచ్చేవాళ్ల కోసం చుక్క పక్కన చుక్క పేర్చి అక్షరాలు తయారుచేసి, దానికి ‘అక్షింతలు’ అని పేరు పెట్టింది. అక్షరం ఒక మెట్టు దిగే ముందల్లా మెషిన్ చేత ఊరికే అంకెలు లెక్కపెట్టించేది. ఆనాటి మెషిన్ ఆయాసపడుతూ లెక్కపెట్టేది కాబట్టి అక్షరం తాపీగా దిగేది. ఈనాటి మెషిన్‌కి అదొక లెక్క కాదు.

పాత ఆటల్ని కొత్త మెషిన్లలో ఆడించడమే విజయవాడ గవర్నర్‌పేటలో నా కొట్టు పని. లోకం ముందు పారేస్తుంది, తర్వాత వెతుక్కుంటుంది. బట్టతల వచ్చాక జనానికి చిన్నప్పటి కారు పందెం ఆట కావాలనిపిస్తుంది. ఫ్లాపీ పట్టుకుని నా దగ్గరికి వస్తారు. కొత్త మెషిన్ లోపల పాత మెషిన్‌లా నటించే ప్రోగ్రాం పెట్టి, దాని ముక్కుతాడు బిగించి ఇస్తాను. “ఇంతేనా?” అంటారు. ఇంతే. పరుగు నేర్పడానికి దేశమంతా కాలేజీలున్నాయి, ఆపడం నేర్పేవాడే లేడు. నేను ఎనిమిదో తరగతితో బడి మానేసినవాణ్ణి, కాలేజీల సంగతి నాకెందుకులెండి.

కస్తూరికి మెదడు అడుగున నరం చిట్లింది. ఒంట్లో ఏదీ కదలదు. కనుపాప కూడా కదలదు. లోపల మనిషి ఉందో లేదో తేల్చి చెప్పిన డాక్టరు లేడు. “ప్రార్థన చేసుకోండి” అని మాత్రం అందరూ చెప్పారు, దానికి కన్సల్టేషన్ ఒకటి. మంగళగిరి దగ్గర ఏదో ప్రయోగశాలలో కొత్త టోపీ ఒకటి కనిపెట్టారని మా అమ్మాయి హారతి విని వచ్చింది. అలా ఈ డాక్టర్ ఇందుకళ మా బతుకులోకి వచ్చింది.

టోపీ పేరు వారధి. తలకి తొడిగితే లోపలి కదలిక పట్టుకుంటుంది. పట్టుకున్నదాన్ని బట్టి బయట ఏం జరిగిందో తిరిగి లోపలికి చెబుతుంది. అయితే ఊరికే పట్టుకోదు. మనిషికి ఒళ్లు మరిచి చేసేటంత అలవాటైన పని ఒకటి కావాలి, దాని తాళం మీద, అంటే ఆ పని లయ మీద, లోపలికి దారి వేస్తారు. కొందరికి హార్మోనియం, కొందరికి కుట్టుమిషను. “మీ ఆవిడకి ఏది?” అని డాక్టరమ్మ అడిగితే, నేనూ హారతీ ఒకేసారి “అక్షింతలు” అన్నాం. పెళ్లయ్యాక కూడా, బియ్యం ఉడికేలోపు ఒక ఆట ఆడితేగానీ ఆవిడకి తోచేది కాదు.

వేగం తగ్గించే ప్రోగ్రాం పెట్టి, దానికి బల్లమీద గుండ్రటి మీట ఒకటి అమర్చి, పాత వేగం దొరికేదాకా తిప్పుతూ పోయాను. ఆ ‘టిక్’కీ ‘టిక్’కీ మధ్య ఎంత ఖాళీ ఉండాలో నా చెవికి తెలుసు. పెళ్లికి ముందు ఆ ఇన్‌స్టిట్యూట్‌లో మెషిన్లు బిగించింది నేనే.

“ఇక చాలు. ఇదే,” అన్నాను.

కస్తూరి ప్రయోగశాలలో ఆ గదిలోనే ఇంకో మూల మంచం మీద ఉంది. టోపీ తొడిగారు. తెరమీద అక్షరాలు ఒక్కొక్కటే దిగి నేల తాకి మాయమవుతున్నాయి. పక్కనే ఇంకో తెరమీద పచ్చ గీత ఒకటి చదునుగా పాకుతోంది. లోపలి మనిషికి తాళం అందితే అది లేస్తుందట. కిటికీలో ఎండ ఈ మూల నుంచి ఆ మూలకి జరిగింది. హారతి గోళ్లు కొరుకుతూ నిలబడింది.

“అమ్మ ఆట ఎప్పుడూ కుడివైపు నుంచే మొదలుపెట్టేది కదా నాన్నా. పళ్లెం కుడివైపు పెట్టు,” అంది.

పెట్టాను. పచ్చ గీత చిన్నగా తుళ్లింది. పళ్లెం కదిలింది. ముందు తాగినవాడిలా ఊగి, తర్వాత సూటిగా వెళ్లి ‘మ’ కింద ఆగింది. ఆ తర్వాత ‘ల’. మళ్లీ ‘ల’. చాలాసేపటికి ‘శ’.

“మలలశ అంటే?” డాక్టరమ్మ పెన్ను పట్టుకుని అడిగింది.

“నేనే. మల్లేశు,” అన్నాను. “ఆ ఆటలో గుణింతాలు లేవు, వత్తులు లేవు. అన్నీ చుక్కలతో చెక్కేంత ఓపిక ఆవిడకి లేకపోయింది. మనమే పెట్టుకుని చదువుకోవాలి.”

డాక్టరమ్మ కళ్లు తుడుచుకుంది. ఆవిడ చెడ్డమనిషి కాదు. చెడ్డదైతే నాకు హాయిగా ఉండేది.

*

ఆ తర్వాత మా ఇల్లు మళ్లీ ఇల్లయింది. పొద్దున్నే హారతి ప్రయోగశాలకి వెళ్లి వాళ్లమ్మకి తల దువ్వి వార్డు సచివాలయంలో డ్యూటీకి పోయేది. నేను కొట్టు కాసేపు తీసి, మధ్యాహ్నం బస్సెక్కి మంగళగిరి పోయేవాణ్ణి. కస్తూరి రోజుకి నాలుగైదు మాటలు పట్టేది. ‘కఫ’ అంది ఒకసారి. దగ్గు వచ్చిందేమోనని నర్సు పరుగెత్తుకొచ్చింది. “కాఫీ అమ్మా, కాఫీ. వాసన చూపించు, చాలు,” అన్నాను. ఇంకోసారి ‘గడడ’ అంది. గడ్డి ఏమిటి, గుడ్డ ఏమిటి అని ముగ్గురం తలలు బద్దలు కొట్టుకున్నాక, హారతి నా మొహం చూసి నవ్వింది. గడ్డం గీసుకోమని.

“అయితే అమ్మకి కనిపిస్తుందా?” అంది.

“కనిపించక్కర్లేదు. నా సంగతి ఆవిడకి తెలీదా?”

మా ఇంట్లో మాటలకి అర్థాలు మొదటినుంచీ వంకరే. పాత కంప్యూటర్ల ముందు టర్బో అని ఒక బొత్తాం ఉండేది. నొక్కితే మెషిన్ వేగంగా నడవాలి. ఇన్‌స్టిట్యూట్‌లో ఒక మెషిన్‌కి నేను తీగలు తిరగేసి బిగించాను. టర్బో నొక్కితే నత్తలా నడిచేది. కస్తూరి అప్పటికి అక్కడ మేడం.

“ఏమయ్యా, టర్బో అంటే అర్థం తెలుసా నీకు?” అంది, క్లాసు మొత్తం వినేటట్టు.

“పొరపాటైందండి. విప్పి సరిచేస్తాను.”

“వద్దు, ఉంచు. నా ఆట ఆడేది దీనిమీదే.”

పెళ్లితో పాటు ఆ మాటా మా ఇంటికి కాపురానికొచ్చింది. కుక్కర్ కింద మంట తగ్గించాలంటే “టర్బో”. స్కూటర్ మీద నేను లారీని దాటబోతే, వెనకనుంచి నా వీపు మీద బొటనవేలు నొక్కి “టర్బో, టర్బో” అనేది. చుట్టాలకి మేము పిచ్చివాళ్లలా కనపడేవాళ్లం. నేను మాత్రం ఆవిడని మేడం అనడం మానలేదు. సంతోషంలోనూ మేడమే, కోపంలోనూ మేడమే.

*

ఒక మధ్యాహ్నం డాక్టరమ్మ నన్ను బయట వసారాలో కూర్చోబెట్టింది.

“మల్లేశ్వరరావు గారూ, గీత తగ్గుతోందండి,” అంది. “ఈ వేగంలో మేడం గారి పట్టు జారిపోతోంది. మెదడు ఒకే తాళానికి అలవాటు పడి వినడం మానేస్తుంది. పూర్తిగా జారితే టోపీ ఇక దొరకబుచ్చుకోలేదు.”

“మరి?”

“వేగం పెంచితే పట్టు బిగుస్తుంది. రోజుకి నాలుగు మాటలు కాదు, నాలుగు పేజీలు మాట్లాడతారు.”

“అంత తియ్యగా చెబుతున్నారంటే చేదు వెనక దాచారన్నమాట.”

ఆవిడ కళ్లజోడు తీసి చేతిలో పట్టుకుంది. దాచలేదు, చెప్పింది. అంతకుముందు నెల్లూరాయన ఒకాయనకి ఇదే టోపీ పెట్టారట. ఆయనది పేకాట, ముక్కల మీద అక్షరాలు వేసి ఆడించారట. వేగం పెంచేకొద్దీ ఆయన గలగలా మాట్లాడాడట. అందరూ మిఠాయిలు పంచుకున్నారట. ఒకరోజు ఆయన భార్య కిందకి వెళ్లి భోంచేసి వచ్చింది. వచ్చేసరికి తెరమీద ఒక వాక్యం ఉంది, ‘ఇన్నేళ్లు ఎక్కడికి పోయావు’ అని.

“ఇన్నేళ్లా?”

“లోపల తాళం ఎంత వేగంగా పడితే మనిషికి కాలం అంత వేగంగా గడుస్తుందండి. మాకు అప్పటికి తెలీదు. ఆవిడ అన్నం తిని వచ్చేలోపు ఆయనకి ఏళ్లు గడిచాయి. ఒంటరిగా. ఆ తర్వాత కొద్దిరోజులు పేక ఆడాడు. ఆవిడ పేరు చెబితే ఎవరని అడిగాడు. ఆ తర్వాత అదీ అడగలేదు.”

 భయం వేస్తే నాకు వచ్చేది కోపమే.

“అంత ఎక్కువ పెంచంలెండి,” అంది ఆవిడ. “కొంచెం. మా పైవాళ్లు కూడా అదే అంటున్నారు. పట్టు జారిన మనిషి మీద టోపీ ఉంచడానికి ఒప్పుకోరు. ఇంకొకరు ఎదురుచూస్తున్నారు.”

“కొంచెం అంటే ఎంతమ్మా? నేను టీ తాగి వచ్చేలోపు నెలా? స్నానం చేసి వచ్చేలోపు ఏడాదా?”

“మేడం గారినే అడుగుదాం. ఆవిడ జీవితం కదా. ఆవిడే చెప్పాలి.”

 న్యాయమైన మాట. న్యాయమైన మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

*

మర్నాడు పొద్దున్నే అడిగారు. డాక్టరమ్మ మంచం పక్కన వంగి, చిన్నపిల్లకి చెప్పినట్టు అంతా విడమరిచి చెప్పింది. నెల్లూరాయన సంగతి కూడా చెప్పింది. వేగం పెంచాలా, ఇలాగే ఉంచాలా, అని అడిగి వచ్చి తెర ముందు కూర్చుంది. చేతికందే దూరంలో మీట. పచ్చ గీత నేలని పట్టుకుని పాకుతోంది.

అక్షరాలు దిగుతున్నాయి. పళ్లెం కదల్లేదు.

“వినపడిందో లేదో,” అన్నాను.

“ఉండండి.”

“ఏం ఉండేది? ఆ గీత చూడు, చచ్చిన పాములా ఉంది. ముందే పాత మెషిన్ మీద పెట్టమన్నానా? మీ కొత్త మెషిన్ నటన తను కనిపెట్టేసి ఉంటుంది!”

“దానికీ దీనికీ సంబంధం లేదండి. కొంచెం…”

“కొంచెం, కొంచెం! మీ నోట ఇంకో మాట రాదా?”

పళ్లెం కదిలింది. ‘ట’ పట్టింది. ఇద్దరం తెర మీదకి వంగాం. ‘ర’ పట్టింది. చాలా అక్షరాలు వదిలేసి, వదిలేసి, ‘బ’ కింద ఆగింది.

టరబ.

“టర్బో!” డాక్టరమ్మ లేచి నిలబడింది. “టర్బో అన్నారు! స్పష్టంగా ఉంది. పెంచమంటున్నారు.”

“కాదు!” నేను ఆవిడ చెయ్యి మీటమీద పడకముందే నా చెయ్యి వేశాను. “మా ఇంట్లో టర్బో అంటే నెమ్మది. తగ్గించమంటోంది.”

“ఏమిటండీ ఇది? టర్బో అంటే నెమ్మదా? ఎవరు నమ్ముతారు?”

“నమ్మకపోతే చావండి! తీగలు తిరగేసింది నేను, ఆ మాట పుట్టించింది ఆవిడ, మధ్యలో మీ నిఘంటువు ఎవరిక్కావాలి?”

“తగ్గిస్తే పట్టు మొత్తం తెగిపోతుంది. ఆవిడ వేగం అడిగి ఉంటే? మీ కోపం మూలంగా ఆవిడ నోరు మూసేస్తారా మీరు?”

“పెంచితే ఆవిడ నన్నెవరని అడుగుతుంది!”

“ఆలస్యమైపోతోంది, చెయ్యి తియ్యండి!”

“తియ్యను. పోలీసుల్ని పిలుచుకోండి!”

నర్సు తలుపు దగ్గర నిలబడిపోయింది. తెరమీద మళ్లీ ‘ట’. మళ్లీ ‘ర’. మళ్లీ ‘బ’. మా ఇద్దరి చేతులూ మీట మీదే ఉన్నాయి. ఆవిడ చెయ్యి కుడికి, నాది ఎడమకి లాగుతున్నాయి. “చూడండి, మళ్లీ అడుగుతున్నారు!” అని ఆవిడ. “చూడు, మళ్లీ బతిమాలుతోంది!” అని నేను. ఇద్దరం ఒకే మూడు అక్షరాలకి వేలు చూపించి అరుస్తున్నాం.

హారతి ఫ్లాస్కు పట్టుకుని లోపలికి వచ్చింది. తెర చూసింది. నన్ను చూసింది. ఫ్లాస్కు బల్లమీద పెట్టి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ముందు ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. ఏడుస్తూనే నవ్వుతోంది.

“నాన్నా. అమ్మ అంటున్నది మెషిన్‌ని కాదు.”

“మరి?”

“నిన్ను. మెట్ల దాకా వినపడుతోంది నీ అరుపు.”

నా అరుపు ఆగింది. పళ్లెం మరో ‘ట’ కింద ఆగబోయి, దాన్ని నేల తాకనిచ్చి, తెర మధ్యకి వెళ్లి నిలబడింది. చేతులు కట్టుకుని నిలబడినట్టు నిలబడింది.

నేను మీట వదిలేశాను. డాక్టరమ్మ కూడా వదిలేసింది. ఆవిడ మెల్లగా కూర్చుని, ఇంకా మెల్లగా అంది, “అంటే మేడం గారికి ఈ గది వినపడుతోంది. ఇప్పుడు, మన వేగంలోనే. నెల్లూరాయన ఎప్పుడూ గదిలో మాటకి జవాబివ్వలేదండి. ఎప్పుడూ.”

నేను మంచం దగ్గరికి వెళ్లాను. కస్తూరి మొహం గోడలా ఉంది, ఎప్పటిలాగే. గొంతు తగ్గించడం నాకు చేతకాని విద్య. ప్రయత్నించాను.

“ఏం మేడం. టర్బో నొక్కాను. ఇప్పుడు చెప్పు. వేగం పెంచమంటావా?”

ఎండ గోడమీద నుంచి దిగి నేలమీదకి వచ్చింది. ‘వ’. ‘ద’. ‘ద’.

“వద్దు,” అంది హారతి.

“ఇలాగే ఉంటే పట్టు జారుతుందట. ఒకరోజు మాట పోతుందట. మరి?”

ఈసారి ఇంకా ఆలస్యం. ‘ఈ’. ‘ర’. ‘జ’. ఆ తర్వాత ‘చ’. ‘ల’.

డాక్టరమ్మ గుణింతాలు పెట్టుకుంటూ చదివింది. “ఈ రోజు చాలు. ఇవాళ్టికి ఆపేద్దామనా? లేక, ఉన్న రోజు చాలనా?”

మా ఆవిడ మాటకి అర్థం చెప్పమని ఎవరైనా అడిగితే అంతకుముందు నేనే ముందుకొచ్చేవాణ్ణి. ఈసారి నోరు మూసుకున్నాను.

*

మీట ముట్టుకోలేదు. ఎండాకాలం వచ్చేసరికి రోజుకి నాలుగు మాటలు రెండయ్యాయి. తర్వాత ఒకటి. తర్వాత అక్షరాలు.

డాక్టరమ్మ పాత రికార్డులు తిరగేసి, మేం పోట్లాడిన రోజు గీత ఒక్కసారి పైకి లేచిందని కనిపెట్టింది. “మళ్లీ ఒకసారి అరవండి,” అంది. నిలబడి అరిచాను. ఆవిడా తన వంతుగా అరిచింది. పచ్చ గీత కదల్లేదు. నాటకానికి పలకడానికి కస్తూరి ఏమన్నా వెర్రిదా? తర్వాత మంచం పక్కన కూర్చుని తియ్యగా మాట్లాడాను, మల్లెపూల సంగతీ, పాత సంగతీ. అదీ పలకలేదు. తియ్యటి మాటలు మా ఇద్దరిలో ఎవరికీ అలవాటు లేదు.

పైవాళ్లు కబురు పంపారు. పట్టు లేని తలకి టోపీ ఎందుకని. తియ్యడానికి మంచిరోజు చూడలేదు గానీ, ఒక మంగళవారం అన్నారు.

మంగళవారం నేనూ హారతీ వెళ్లాం. నర్సు టోపీ పట్టీలు వదులు చెయ్యడానికి గ్లవుజులు తొడుక్కుంటోంది. తెరమీద అక్షరాలు దిగుతున్నాయి, నేల తాకుతున్నాయి, దిగుతున్నాయి. గీత చదునుగా ఉంది. డాక్టరమ్మ నా భుజం మీద చెయ్యి వేసి, “ఆవిడ కోరుకున్నట్టే జరిగిందండి. మీరు మనసు సరిపెట్టుకోవాలి,” అంది.

అదీ నన్ను తగలబెట్టిన మాట.

“ఎందుకు సరిపెట్టుకోవాలి?” మంచం వైపు తిరిగాను. “ఏం మేడం, ఈ రోజు చాలన్నావుగా? నీకు చాలింది. నాకు చాలిందా అని అడిగావా? ఎప్పుడన్నా అడిగావా? వైరు తిరగబడితే ఉంచు అన్నావు, ఉంచాను. వేగం వద్దన్నావు, ముట్టుకోలేదు. అన్నీ నీ ఇష్టమే! ఈ పిల్ల పొద్దున్నే లేచి నీ తల దువ్వి, ఆ జడ ఎవరికి చూపించాలని దువ్వుతోందో అడిగావా? నాలుగు పేజీలు మాట్లాడేదానివి కదే! నన్ను మర్చిపోతే పోయేదానివి, నాకేం, నేను గుర్తుపెట్టుకునేవాణ్ణిగా! ఇద్దరికీ సరిపడా నేనే…”

 కారిడార్‌లో ఎవరో తలుపు తెరిచి చూశారు. హారతి నన్ను ఆపలేదు. నర్సు చేతులు గాలిలో ఉండిపోయాయి.

“నాన్నా,” అంది హారతి.

తెర అడుగున పళ్లెం ఊగింది. తాగినవాడిలా ఊగి, ఎడమకి పోయి, మళ్లీ వచ్చి, ‘ట’ కింద ఆగింది.

టిక్.

“పట్టీ ముట్టుకోకు,” డాక్టరమ్మ నర్సుతో గుసగుసగా అంది.

నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను, చప్పుడు కాకుండా. తిట్టాల్సింది ఇంకా బోలెడుంది. పైన ‘ర’ ఇప్పుడే బయలుదేరింది. ఒక్కో మెట్టే దిగుతోంది.

దిగనీ.